వినే వరస

జూన్ 9

అక్కకి,

నీ మేనకోడల్ని నీ చేతిలో పెట్టి ఇంటికొచ్చి పడ్డాను. రైల్లో ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన నా మొహం చూసి, "ఏమయ్యా అలా ఉన్నావు, ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "ఎవరూ పోలేదండీ, కూతుర్ని చదువుకి పంపి వస్తున్నా" అన్నాను. "రెండింటికీ మొహం ఒకేలా పెడతారులే" అని నవ్వి తన స్టేషన్లో దిగిపోయాడు.

ఇల్లు బోసిపోయింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే చెవి దగ్గర జోరీగలా "నాన్నా, నాన్నా" అనే గొంతు లేదు. హాయిగా నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. దాన్ని మా వీధంతా వసపిట్ట అంటారని నీకు చెప్పాను. మొన్న మా ఫోర్‌మన్ ఇంటికొస్తే, "అద్దంలో కుడిచెయ్యి ఎడమవైపు కనబడుతుంది కదా, మరి తల కిందికీ కాళ్ళు పైకీ ఎందుకు రావు?" అని ఆయన్ని పట్టుకుంది. ఆయన కాఫీ చల్లారబెట్టుకుని గోడకున్న అద్దం ముందు నిలబడి తల అటూ ఇటూ వంచాడు. చివరికి "నీ కూతురు నాకు పిచ్చెక్కిస్తుంది" అని వెళ్ళిపోయాడు.

మా షెడ్డు సంగతి నీకు తెలియంది కాదు. బాయిలర్ రేకులకి రివిట్లు కొట్టే చోట చెవులు గుమ్మంలో వదిలేసి లోపలికి పోవాలి. నాకు కుడిచెవి ఎప్పుడో పోయింది. పెదాలు చూసీ వేళ్ళు చూసీ మాట్లాడుకుంటాం. దాని బతుకు ఈ చప్పుడు పక్కన తెల్లారకూడదనే నా ఆశ. మన ఇంటి మొత్తానికి చదువుకున్నదానివి నువ్వొక్కదానివే. నువ్వు గదిలోకొస్తే మనుషులు లేచి నిలబడతారు. దాన్ని నీలా చెయ్యి. నోరు కాస్త కట్టి తల నింపు. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

నీ తమ్ముడు


జూన్ 18

తమ్ముడికి ఆశీస్సులు.

రైల్లో పెద్దాయన మాట బాగానే ఉంది గానీ అలాంటి వేళాకోళాలు పిల్లకి రాయకు. రాసినా ముందు చదివేది నేనే.

ఇక్కడ నేను దానికి అత్తని కాను, మేడమ్‌ని. మొదటి రోజే చెప్పాను. తల ఊపి, వెంటనే "మరి సెలవుల్లో మళ్ళీ అత్తవి అయిపోతావా, లేకపోతే కొంచెం కొంచెంగా అవుతావా?" అని అడిగింది. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను.

మా బడి పద్ధతి నీకు ముందే చెప్పి ఉండాల్సింది. కొత్తగా చేరిన పిల్లల్ని ముందు బెంచీల్లో కూర్చోబెడతాం. దాన్ని వినే వరస అంటాం. ఏడాది పొడుగునా వాళ్ళ పని వినడం. అడిగితే జవాబు చెప్పాలి. అడగందే నోరు విప్పకూడదు, తరగతిలోనైనా, భోజనాల బల్ల దగ్గరైనా, పడకల గదిలోనైనా. ఏడాది చివర ఒక్కొక్కరినీ నా గదిలోకి పిలిచి "ఇక నువ్వు అడగొచ్చు" అంటాను. ఆ రోజు కొందరు సంతోషంతో ఏడుస్తారు. నేను ఈ కుర్చీలోకి రాకముందు ఈ బడి చేపల బజారులా ఉండేది. ఇప్పుడు మా వరండాలో నడిస్తే నీ చెప్పుల చప్పుడు నీకే వినబడుతుంది. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు పిల్లల్ని తెచ్చి మా గేటు దగ్గర నిలబడేది అందుకే.

చదువుకి పునాది వినడం రా. బోర్లించిన గిన్నెలో ఎంత పోసినా నేలపాలే. ప్రశ్న అనేది నోటి దురద కాదు, సంపాదించుకోవాల్సిన హక్కు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు.

టర్ము సెలవులదాకా చూడ్డానికి రావద్దు. మొక్కకి నీళ్ళు పోయాలి గానీ, వేరు పట్టిందా లేదా అని రోజూ పీకి చూడకూడదు.

అక్క


జూలై 6

అక్కకి,

నీ ఉత్తరం మీ మరదలు నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. చదివిన ప్రతిసారీ మూతి ఇంకాస్త ముడుచుకుంది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ కూడా దగ్గర లేని చోట అడగొద్దంటే ఎట్లా? దాహమేస్తే ఏం చేస్తుంది?" అంటుంది. అక్క చదువుకున్న మనిషి, నీకూ నాకూ తెలియనివి తనకి తెలుస్తాయి అని సర్దిచెప్పాను. "మా అమ్మ కూడా నన్ను నోరెత్తనిచ్చేది కాదు. నాకేం చదువొచ్చింది?" అంది. నేను దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాను.

నా మటుకు నాకు నీ పద్ధతి నచ్చింది. మా షెడ్డులో కుర్రాళ్ళకి కూడా ఇలాంటి వరస ఒకటి ఉంటే బాగుండును. పని నేర్చుకోకముందే జీతం సంగతి అడుగుతారు.

ఒక్క మాట చెప్పు. ఏడుస్తోందా? మీ మరదలికి ఏడవట్లేదనే చెబుతాను, నాకు మాత్రం నిజం రాయి.

తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడికి,

మంచినీళ్ళ కుండ మూల ఉంటుంది, అడగక్కర్లేదని మరదలికి చెప్పు.

నిజమే రాస్తున్నాను. మొదట్లో ఏడ్చింది. ఏడుపుకంటే ప్రశ్నలతోనే ఎక్కువ చంపింది. "కిటికీకి చువ్వలు నిలువుగానే ఎందుకు?" అని లెక్కల మధ్యలో లేచింది. వరండాలో నిలబెట్టాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ నిలబెట్టాను. అత్తనని కొంచెం ఎక్కువే నిలబెట్టానేమో, మిగతా పిల్లలు వేలెత్తి చూపకూడదు కదా.

తరవాత వానలు పట్టాయి. హాస్టలంతా జలుబులు, జ్వరాలు. ఇదీ పడకేసింది. లేచి వచ్చిన పిల్ల వేరే పిల్ల, తమ్ముడూ. నేను పాఠం చెబుతుంటే రెప్ప వెయ్యకుండా నా నోటికేసి చూస్తుంది. నేను బోర్డు వైపు తిరిగితే, మళ్ళీ ఎప్పుడు ఇటు తిరుగుతానా అని కాచుకుని ఉంటుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. పక్కవాళ్ళు గుసగుసలాడినా తల తిప్పదు. వరండాలో ప్లేట్ల బండి బోర్లాపడితే బడంతా ఉలిక్కిపడింది, ఇది పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆ సంగతి టీచర్ల సమావేశంలో చెప్పాను.

ఇంకొకటి. దిండు గలీబు మీద మరకలేమిటని వార్డెన్ ఒకసారి కోప్పడిందట. అప్పట్నించి అందరికంటే ముందే లేచి తన గలీబు తనే ఉతికి ఆరేసుకుంటోంది, ఎవరూ చెప్పకుండా. ఇంట్లో మంచం మీది దుప్పటి కూడా మడవని పిల్ల.

ఒక్క లోపం ఉంది, దాచను. బోర్డు మీద ఇచ్చిన లెక్కలన్నీ చక్కగా చేస్తుంది. డిక్టేషన్ అనేసరికి పక్కపిల్ల పుస్తకంలోకి చూసి రాస్తుంది. ఈ దొంగబుద్ధి ఎక్కడిదో అర్థం కావట్లేదు.

అక్క


ఆగస్టు 19

అక్కకి,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, మడతలు చిరుగుతున్నాయి. వసపిట్ట నోరు మూసుకుని నోటికేసి చూస్తోందంటే మా వీధిలో ఒక్కడు నమ్మలేదు. నోళ్ళకేసి చూడటం మా షెడ్డు బుద్ధి కదా, రక్తంలో వచ్చిందేమో అని మావాళ్ళతో నవ్వాను. ఫోర్‌మన్‌కి ఆ ముక్క చూపించాను. చదివి నా మొహంలోకి చూసి, "పిల్లకి ఒంట్లో బాగుందా?" అన్నాడు. మహా బాగుందన్నాను. ఆయన పిల్లలిద్దరూ బడి ఎగ్గొట్టి సినిమాలకి తిరుగుతారు, ఓర్వలేక అన్నాడనుకున్నాను.

దొంగబుద్ధి మాత్రం మన వంశంలో లేదు. మొహమాటపడకు. చెవి మెలిపెట్టు. చిన్నప్పుడు నాకు మెలిపెట్టేదానివి కదా, అలాగే. నేనన్నానని మీ మరదలికి మాత్రం రాయకు.

తమ్ముడు


సెప్టెంబరు 27

తమ్ముడికి,

వార్డెన్ తోడు ఇచ్చి పిల్లని సెలవులకి పంపుతున్నాను. ఇంట్లో కూడా పద్ధతి సడలనివ్వకండి. మరదలు ముద్దు చేసి నా కష్టమంతా నీళ్ళలో పొయ్యకుండా చూసే పూచీ నీది.

నువ్వన్నట్టే చేశాను. డిక్టేషన్‌లో మళ్ళీ పక్కకి చూస్తే లేపి చెవి మెలిపెట్టాను. గట్టిగా కూడా కాదు. కేక పెట్టింది చూడు, పై అంతస్తులోంచి టీచర్లు దిగివచ్చారు. అంత నటన ఎక్కడ నేర్చిందా అనిపించింది. తరవాత నేను అడిగినదానికి దేనికీ జవాబు చెప్పలేదు, నా మొహంకేసి చూస్తూ నిలబడింది. మొండితనం ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. పోతుంది.

నీకొక మాట చెప్పనా. ఆ అద్దం ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. ఏడాది చివర నా గదిలోకి వచ్చినప్పుడు అది అడిగితే చెబుదామని దాచిపెట్టుకున్నాను. నన్ను రాయి అనుకోకు. నాకు ఉన్నదీ అదొక్కతే కదా.

అక్క


అక్టోబరు 15

అక్కకి,

పిల్లని తిరిగి బండెక్కించాను. ఈపాటికి నీ దగ్గరుంటుంది.

నువ్వు రాసిన దానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పిల్ల ఉందా లేదా అన్నట్టు ఉంది. వీధిలోవాళ్ళు చూడ్డానికి వచ్చారంటే నమ్ము. పక్కింటావిడ "ఇది మన వసపిట్టేనా?" అని బుగ్గ గిల్లింది. నాకు ఛాతీ ఉబ్బిపోయింది.

మీ మరదలితోనే వచ్చింది తంటా. వంటింట్లో పిల్ల వెనక నిలబడి కావాలనే ఇత్తడి బిందె నేలకేసి కొట్టింది. పిల్ల ఉలకలేదు, పలకలేదు. "చూశావా, దీనికేదో అయింది, డాక్టరుకి చూపిద్దాం" అని నా మీద పడింది. నీ ఉత్తరం తీసి ప్లేట్ల బండి ముక్క చదివి వినిపించాను. "అది శ్రద్ధే పిచ్చిదానా. చదువంటే ఏమిటో నీకేం తెలుసు?" అన్నాను. ఆ మాటతో నోరు మూసుకుంది. ఇప్పటిదాకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంకో రెండు రోజులుంటే డాక్టరనీ మందులనీ గొడవ చేసేలా ఉందని అనుకున్నదానికంటే ముందే పంపేశాను.

ఒకటి మాత్రం నాకు నచ్చింది, రాయకుండా ఉండలేను. సాయంత్రాలు నేను మాట్లాడుతుంటే వచ్చి ఒళ్ళో కూర్చుని నా గొంతు మీద అరచెయ్యి పెట్టి ఉంచేది. నేను ఆపితే తట్టి మళ్ళీ మాట్లాడమనేది. ఎంత ప్రేమో దానికి. బడిలో చేరకముందు ఇలా ఎప్పుడూ చెయ్యలేదు.

తమ్ముడు


నవంబరు 8

తమ్ముడూ,

ఈ ఉత్తరం తెస్తున్న మా బడి డ్రైవరుతోనే నువ్వూ మరదలూ బయలుదేరి రండి. పిల్ల ప్రార్థనలో పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, కుడిచెవి వెనక వాచి ఉంది, మెడ వంచలేకపోతోంది. పెద్దాసుపత్రిలో చేర్చాను. చెవి వెనక ఎముకలో చీము పట్టిందట, మెదడుకి పాకకముందే కొయ్యాలంటున్నారు. సంతకం నేనే పెట్టాను.

చెవి నొప్పి అని ఒక్కసారైనా ఎవరితోనూ అనలేదు. దేవుడి మీద ఒట్టు, ఒక్కసారి కూడా అనలేదు.

అక్క


డిసెంబరు 3

అక్కకి,

ఆసుపత్రి వరండాలో నువ్వు ఒక బెంచీ మీద, మేము ఒక బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ అనలేనివి ఇక్కడ రాస్తున్నాను.

పిల్ల బతికింది. తల కట్టు విప్పారు. చెవులు రెండూ పోయాయి. తిరిగి రావని డాక్టరు చెప్పాడు. వానాకాలం జలుబుకే చెవుల్లో చీము పట్టిందట. గలీబు మీది మరకలు అవే. మొదట్లోనే చుక్కల మందు వేసి ఉంటే తగ్గిపోయేదట. ఆ మాట అని ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నువ్వు బయటికి వెళ్ళినప్పుడు ఒకటి జరిగింది. డాక్టరు కాగితం మీద "వినబడటం లేదని ఎందుకు చెప్పలేదమ్మా?" అని రాసి దాని ముందు పెట్టాడు. అది పెన్సిల్ తీసుకుని నీ బడిలో నేర్పిన గుండ్రటి అక్షరాలతో రాసింది, "ఏడాది ఇంకా అవలేదు" అని. మీ మరదలు నన్ను చదవమంది. నేను చదవలేకపోయాను, డాక్టరే చదివాడు.

నిన్ను ఒక్కదాన్నే అనడానికి నాకు నోరు లేదు. నేనూ తక్కువ తినలేదు. వినబడని మనుషుల మధ్య బతుకుతున్నవాణ్ణి. నోటికేసి చూసేవాడికి చెవులు లేవని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఫోర్‌మన్ ఒక్క ముక్క చదివి కనిపెట్టాడు. తల్లి బిందె కొట్టి కనిపెట్టింది. నేను నీ ఉత్తరం చూపించి ఇద్దరి నోళ్ళూ మూయించాను. చెవి మెలిపెట్టమని రాసింది కూడా నేనే. ఆ కేక నేను వినలేదు గానీ పడుకుంటే వినబడుతోంది.

ఇప్పుడు ఇంట్లో మాట్లాడమని పలక మీద రాసి బతిమాలుతున్నాం. మాట్లాడదు. గొంతు బాగానే ఉందన్నారు. ఏది కావాలన్నా కావాలనదు. తల్లి గిన్నె చూపిస్తే తల ఊపుతుంది, చూపించకపోతే ఆకలితోనే పడుకుంటుంది. చదువుకి పునాది వినడం అన్నావు. కట్టడం బాగానే కట్టావు అక్కా, లోపల పిల్ల ఉందో లేదో మనిద్దరం చూసుకోలేదు.

దాని పెట్టె పంపించు. ఆ వరస తీసెయ్. తీసేశావని నాకు రాయి. అది తప్ప నీ దగ్గర్నుంచి ఇంకే కబురూ నాకొద్దు.

తమ్ముడు


డిసెంబరు 14

తమ్ముడికి,

పెట్టె ఈ ఉత్తరంతో వస్తోంది. గలీబులు దాని బట్టల కింద మడతపెట్టి ఉన్నాయి, తెల్లగా ఉతికినవి. నేను తీసెయ్యలేదు, తీసెయ్యడానికి చేతులు రాలేదు.

క్షమించమని అడగను. నువ్వు క్షమించినా ఆ పిల్ల చెవులు రావు. రాజీనామా ఇచ్చాను, కమిటీవాళ్ళు తీసుకోలేదు. పిల్ల చెప్పకపోతే మీరేం చేస్తారు, బడి పేరు పాడవుతుంది, ఏడాది పూర్తి చెయ్యండి అన్నారు. రెండోసారి రాసి ఇచ్చి వచ్చాను.

వరస తీసేశాను. అది ఎలా జరిగిందో నీకు రాయాలి, ఇంకెవరికి చెప్పుకోను?

నిన్న తరగతిలోకి వెళ్ళాను. దాని చోటు ఖాళీగా ఉంది, ఎవరూ జరిగి కూర్చోలేదు. "ఇవాళ్టి నుంచి ఈ వరస లేదు. మీరెవరైనా ఏదైనా అడగొచ్చు. అడగండి" అన్నాను. ఎవరూ కదల్లేదు. బల్లల మీద చేతులు కట్టుకుని నా మొహంకేసి చూస్తున్నారు. ఎందుకమ్మా భయం, ఏమీ అననన్నాను. ఇన్నేళ్ళూ ఆ నిశ్శబ్దం చూసి నేను గర్వపడ్డాను.

వాళ్ళు అడగరని అర్థమై నేనే అడిగాను. "ఆ పిల్లకి వినబడటం లేదని మీలో ఎవరికైనా ముందే తెలుసా?" అన్నాను.

వరస వరసంతా చెయ్యెత్తింది.

పక్కన కూర్చునే పిల్లని లేపాను. వానలప్పట్నించీ తెలుసట. గంట కొడితే మోచేత్తో పొడిచేదట. నేను పేరు పిలిస్తే వెనకపిల్ల వీపు మీద తట్టేదట. రాత్రి నొప్పికి దిండు కొరుక్కుంటుంటే పక్కమంచం పిల్ల వచ్చి చెయ్యి పట్టుకునేదట. "డిక్టేషన్‌లో అది దొంగచాటుగా చూసి రాయలేదు మేడమ్. నా పుస్తకం నేనే దాని వైపు తిప్పేదాన్ని" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మీరు అడగలేదు మేడమ్" అంది.

ఆ మాట భయపడి అన్నదీ కాదు, ఎదురు తిరిగి అన్నదీ కాదు. సరైన జవాబు చెప్పిన పిల్ల నిలబడినట్టు, చేతులు కట్టుకుని నా వైపు చూస్తూ నిలబడింది. నేను కూర్చోమనేదాకా అలాగే నిలబడి ఉంది.

అక్క